రక్తపరీక్ష అంటే పడిపోతాను, పైగా పానిక్ ఎటాక్‌లు. ఎలా నెట్టుకురావాలి?

పానిక్ ఎటాక్‌లు వస్తున్నాయని వెళ్తే డాక్టర్ థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారని, ల్యాబ్ గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చేశారని, రెండు నెలలుగా చీటీ పర్సులోనే ఉందని రాశారు. నా చీటీ పర్సులో మూడేళ్ళు ఉంది. మడతల దగ్గర చిరిగి, పరీక్షల పేర్లు ఒక ముక్కలో, డాక్టర్ సంతకం ఇంకో ముక్కలో మిగిలాయి. కాబట్టి మీరింకా నయం.

నేను డాక్టర్ని కాదు. తెనాలిలో పెరిగి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నలభై ఏళ్ళ మనిషిని. నాకు జరిగింది చెప్తాను.

ఇంటర్ చదివేటప్పుడు కాలేజీలో బ్లడ్ గ్రూప్ చూసే క్యాంపు పెట్టారు. వేలి మీద చిన్న పోటు, అంతే. నా ముందున్నవాడి వేలి మీద ఎర్రటి బొట్టు చూశాను. చెవుల్లో హోరు మొదలైంది, ఒళ్ళు చల్లబడింది, కళ్ళు తెరిచేసరికి పైన ఫ్యాను, చుట్టూ మొహాలు. బెంచీ అంచు తగిలి నుదుటి మీద పడ్డ గాటు ఇప్పటికీ ఉంది. "మగాడివై ఉండి సూదికి పడిపోతావేంట్రా" అని ఆ ఏడాదంతా ఏడిపించారు. ఇంటికొస్తే నాన్న మాత్రం ఒక్క మాటా అనలేదు. కోడిని కోసే రోజు ఆయన కూడా ఏదో పని పెట్టుకుని బజారుకు వెళ్ళిపోయేవారని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఈ భయం కుటుంబాల్లో కనిపిస్తుందని తర్వాత తెలిసింది.

పానిక్ సంగతి వేరు. అది 2019లో మొదలైంది. ఎల్బీ నగర్ వైపు వెళ్ళే మెట్రోలో అమీర్‌పేట్ దాటగానే గుండె దడ, అరచేతుల్లో తిమ్మిరి, ఊపిరి ఆడటం లేదనిపించింది. పంజాగుట్టలో దిగి, ఆటో ఎక్కి నేరుగా ఆసుపత్రికి పోయాను. ఈసీజీ మామూలుగా ఉంది. డాక్టర్ "పానిక్ ఎటాక్ కావచ్చు, కానీ థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే దడ వస్తుంది, ఒకసారి చూద్దాం" అని చీటీ రాశారు. చూశారుగా తమాషా. భయం ఎందుకొస్తోందో తెలుసుకోవాలంటే భయపడే పనే చేయాలి! (మీక్కూడా అందుకే రాసి ఉంటారు. దండగ పరీక్షలని కొట్టిపారేయకండి.)

ధైర్యం చేసి ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ మంచివాడే. నా మొహం చూసి, "రిలాక్స్ సార్, ఒళ్ళు వదిలేయండి, ఊపిరి బాగా పీల్చండి" అన్నాడు. నేను బుద్ధిగా వదిలేశాను. అంతే, కుర్చీలోంచి జారి కింద పడ్డాను. శాంపిల్ సగంలో ఆగిపోయింది. గ్లూకోజ్ నీళ్ళు తాగించి, రేపు రమ్మన్నారు. ఆ రేపు మూడేళ్ళకు వచ్చింది.

చివరికి పానిక్ కోసం ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్నతో నాకు లెక్క తేలింది. "మెట్రోలోనో ఆఫీసులోనో దడ వచ్చినప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పిందా?" లేదు. పడిపోతానేమో అనిపించడమే కానీ పడింది లేదు. "రక్తం దగ్గర?" రెండుసార్లు.

అప్పుడు విడమర్చి చెప్పారు. పానిక్‌లో గుండె వేగం పెరుగుతుంది, బీపీ కూడా పైకే పోతుంది. అందుకే అందులో స్పృహ తప్పడం అరుదు. రక్తం, సూది భయం మాత్రం రెండు మెట్ల మీద నడుస్తుంది. ముందు దడ వస్తుంది, ఆ వెంటనే గుండె నెమ్మదించి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక మనిషి కూలిపోతాడు. మిగతా భయాల్లో ఇలా సాధారణంగా జరగదు. అంటే పడిపోతున్న బీపీ ఉన్నవాడిని నేను ఇంకా సడలించుకుంటూ కూర్చున్నానన్నమాట. ఆ టెక్నీషియన్ సలహా పానిక్‌కి సరిపోతుంది, సూదికి కాదు.

సూదికి చేయాల్సింది ఒళ్ళు బిగించడం. లార్స్ గోరన్ ఓస్ట్ అనే స్వీడన్ సైకాలజిస్ట్ 1980ల్లో ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను గట్టిగా బిగించి పది పదిహేను సెకన్లు అలాగే ఉంచాలి. మొహం వెచ్చబడినట్టు తెలుస్తుంది. అప్పుడు వదలాలి, కానీ పూర్తిగా వాలిపోకుండా మామూలు స్థితికి మాత్రమే రావాలి. ఇరవై ముప్పై సెకన్లు ఆగి మళ్ళీ బిగించాలి. అలా ఐదుసార్లు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. నేను వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చేశాను. ఆఫీసు కుర్చీలో కూర్చుని చేస్తుంటే పక్క సీటాయన కడుపునొప్పా అని అడిగాడు. మీకు బీపీ ఎక్కువున్నా, గుండె జబ్బున్నా, గర్భిణీ అయినా ముందు డాక్టర్ని అడిగి చేయండి.

దాంతోపాటు మెట్లెక్కినట్టు కొంచెం కొంచెంగా అలవాటు చేశారు. మొదట సిరంజి ఫోటో. తర్వాత ఇంట్లో మోచేతి పైన రుమాలు కట్టుకుని, స్పిరిట్ దూదితో తుడుచుకోవడం. నమ్ముతారో లేదో, ఆ స్పిరిట్ వాసనకే నాకు సగం మసకలు కమ్మేవి. ఆ తర్వాత అమ్మ షుగర్ పరీక్షకు తోడు వెళ్ళి పక్కన కూర్చున్నాను. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయనగానే కాళ్ళు బిగించాను. ఆవిడ చెయ్యి ఇచ్చి, నా వంక చూసి, "నీకేం కాదు నాన్నా, గుచ్చేది నాకు" అంది.

మీకు రెండూ ఉన్నాయి కాబట్టి పరీక్ష రోజు రెండూ ఒకదాని వెంట ఒకటి రావచ్చు. నాకలాగే వచ్చింది. ముందు రోజు రాత్రి, వెయిటింగ్‌లో కూర్చున్నప్పుడు వచ్చేది పానిక్. అక్కడ బిగించనక్కర్లేదు. ఊపిరి వదలడం నెమ్మదిగా, పొడుగ్గా చేస్తే చాలు. గబగబా ఎక్కువ గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిరి, తల తేలిపోవడం ఇంకా పెరుగుతాయి. నేను వాచీ చూసుకునేవాణ్ణి. సాధారణంగా పది నిమిషాల్లో అది పతాకస్థాయికి వెళ్ళి దిగడం మొదలుపెడుతుంది. లేచి పారిపోతే ఆ దిగడం మనం ఎప్పటికీ చూడం. సూది దగ్గరికొచ్చి, ఒళ్ళు చల్లబడి, చూపు మసకబారుతుంటే అది రెండోది. అప్పుడు బిగించాలి.

ల్యాబ్‌లో మాత్రం మొహమాటపడొద్దు. నేను బిల్లు కట్టేటప్పుడే, "నాకు రక్తం తీస్తే కళ్ళు తిరుగుతాయి, ఇదివరకు పడిపోయాను, పడుకోబెట్టి తీయండి" అని చెప్పేస్తాను. ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు నాలాంటివాళ్ళు రోజూ వస్తారు, పైగా మనం కింద పడితే వాళ్ళకే ఎక్కువ ఇబ్బంది. పడుకుంటే స్పృహ తప్పే అవకాశం బాగా తగ్గుతుంది, తప్పినా దెబ్బ తగలదు. సూది గుచ్చే చేతిని వదులుగా ఉంచి, రెండో చేతిని, కాళ్ళను బిగించాలి. పిడికిలి పట్టమన్నప్పుడు అంతవరకే పట్టండి. తీశాక వెంటనే లేవకుండా పది నిమిషాలు పడుకోండి.

నీళ్ళు తాగి వెళ్ళండి. పరగడుపు అంటే నీళ్ళు కూడా తాగకూడదని చాలామంది అనుకుంటారు. మంచినీళ్ళు తాగొచ్చు, నరం కూడా తేలిగ్గా దొరుకుతుంది. ఏ పరీక్షకు పరగడుపున రావాలో డాక్టర్ని అడగండి. మూడు నెలల షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీకి అక్కర్లేదు. అన్నీ ఒకే పోటులో తీసేలా మాట్లాడుకోండి. నొప్పే మీ బాధైతే చర్మాన్ని తిమ్మిరెక్కించే క్రీము మందుల షాపుల్లో దొరుకుతుంది, గంట ముందు రాయాలి, డాక్టర్ని అడిగి వాడండి. నాకు నొప్పి సమస్య కాదు కాబట్టి దాంతో పని పడలేదు. "నా రక్తమంతా లాగేస్తున్నారు" అనే ఊహకు మాత్రం ఒక లెక్క పనికొచ్చింది. మూడు నాలుగు ట్యూబులు కలిపినా పది, పదిహేను మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు చెంచాలు. పెద్దవాళ్ళ ఒంట్లో ఐదు లీటర్ల దాకా ఉంటుంది.

ఛాతీ నొప్పి, ఆయాసం కొత్తగా వస్తే మాత్రం "పానిక్కేలే" అని ఇంట్లో కూర్చోకండి, చూపించుకోండి. స్నేహితులిచ్చే నిద్రమాత్రల జోలికీ పోవద్దు. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ప్రభుత్వానిది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు.

2022 చివర్లో, చీటీ ముక్కలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పడుకున్నాను, బిగించాను, గోడ మీది క్యాలెండర్లో తిథులు చదువుకున్నాను. "అయిపోయింది సార్" అన్నప్పుడు ఇంకా నవమి దగ్గరే ఉన్నాను. థైరాయిడ్ బాగానే ఉంది, షుగర్ లేదు. విటమిన్ బి12 బాగా తక్కువుందని డాక్టర్ రాసింది ఏంటో తెలుసా? ఇంజెక్షన్లు. నడుముకి వేయించుకున్నాను, బోర్లా పడుకుని. అందులో ఒక సుఖం ఉంది, సూది కనపడదు.