పెళ్లింట్లో పిల్లికి ఇన్సులిన్

నల్లగొండ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. మీ మరిది పెళ్లికి ఇంక 18 రోజులే ఉంది. ఇంటినిండా చుట్టాలు దిగుతారు, నువ్వేమో పెద్ద కోడలివి. ఆ సందట్లో పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి నీ పిల్లి చిట్టికి ఇన్సులిన్ సూది వేయాలి. "పెద్దమ్మా, నావల్ల కాదేమో" అన్నావు. అవుతుంది. మా పిల్లి నల్లోడికి నేను నాలుగేళ్లు వేశాను. ఆ నాలుగేళ్లలో మీ అక్క పెళ్లి జరిగింది, మీ పెద్దనాన్నకు ఆపరేషన్ అయింది, ఇల్లు కూడా మారాం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నా మాటకూ మీ డాక్టర్ మాటకూ ఎక్కడైనా తేడా వస్తే డాక్టర్ చెప్పిందే చెయ్యి.

అన్నిటికన్నా ముందు ఒకటి బాగా మనసులో పెట్టుకో. ఎప్పుడైనా ఒక్క సూది తప్పిపోతే చిట్టికి ఆ పూట షుగర్ పెరుగుతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఇసుక ట్రే ఎక్కువ తడుస్తుంది. అంతకన్నా ఏం కాదు. అదే సూది రెండుసార్లు పడితే రాత్రికి రాత్రే ప్రాణం పోవచ్చు. అందుకే వేశామా లేదా అని అనుమానం వస్తే వేయకు. సూది గుచ్చావు, మందు లోపలికి పోయిందో బొచ్చు మీద కారిందో తెలియలేదు, అప్పుడూ మళ్లీ వేయకు. తర్వాతి పూట దాకా ఆగు.

ఇది నాకు ఒక బతుకమ్మ రోజున తెలిసింది. ఏడింటికి నల్లోడికి సూది వేసి, బతుకమ్మ ఎత్తుకుని వెళ్లిపోయాను. మీ పెద్దనాన్న ఎనిమిదింటికి ఇంటికొచ్చి, పండుగ హడావుడిలో నేను మర్చిపోయి ఉంటాననుకుని, మంచి మనసుతోనే ఇంకోసారి వేశారు. నేను తిరిగొచ్చేసరికి పదకొండు అయింది. వాడు వంటింటి గోడకు ఆనుకుని ఉన్నాడు. వెనక కాళ్లు తడబడుతున్నాయి, తల ఊగుతోంది, పిలిస్తే నా వైపు చూడలేదు. తేనె వేలికి తీసుకుని చిగుళ్లకు రాశాను. నోట్లో పోయలేదు, మింగలేని పిల్లికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది నిమిషాలకు కాస్త తల ఎత్తాడు. తినగలిగాక కొంచెం తిండి పెట్టి, డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు తెల్లారేదాకా అరగంటకోసారి షుగర్ చూస్తూ కూర్చున్నాం. షుగర్ పడిపోయినప్పుడల్లా మళ్లీ తేనె రాశాను. వాడు బతికాడు కానీ ఆ రాత్రి నేను ఈ జన్మలో మర్చిపోను.

ఆ మర్నాడే ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్ తగిలించాను. తేదీ గడిలో పొద్దుటికి ఒక గీత, సాయంత్రానికి ఒక గీత. ఎవరు సూది వేస్తే వాళ్లే, సిరంజీ కింద పెట్టకముందే, గీత గీయాలి. దాంతోపాటు రోజూ తెల్లారగానే ఒక చిన్న డబ్బాలో రెండే రెండు కొత్త సిరంజీలు పెట్టేదాన్ని. సాయంత్రం డబ్బాలో ఒకటే ఉంటే పొద్దుటిది అయిందన్నట్టు. గీత గీయడం మర్చిపోయినా డబ్బా చెబుతుంది. పెళ్లింట్లో నీకు ఈ రెండూ కావాలి, ఎందుకంటే మైలపోలు రోజున, బరాత్ రోజున నీ జ్ఞాపకాన్ని నువ్వే నమ్మలేవు.

తిండి ముందు, సూది తర్వాత. చిట్టి ఎప్పటిలా తింటేనే పూర్తి డోసు. సగమే తింటే ఎంత వేయాలి, అసలు ముట్టకపోతే ఏం చేయాలి అనే రెండు ప్రశ్నలకు జవాబు ఈ వారంలోనే డాక్టర్ చేత కాగితం మీద రాయించుకో. లగ్నం రోజు పొద్దున ఆయన ఫోన్ ఎత్తుతాడని అనుకోవద్దు. తినకపోవడంతోపాటు వాంతులు, నీరసం ఉంటే మాత్రం కాగితం చూస్తూ కూర్చోకు, వెంటనే తీసుకెళ్లు. ఇన్సులిన్ రోజుల తరబడి అందకపోయినా, లోపల ఇంకేదైనా జబ్బు ఉన్నా, షుగర్ పిల్లులకు రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

టైమ్ గురించి అంత టెన్షన్ పడకు. పన్నెండు గంటల తేడా ఉండాలన్నది నిజమే కానీ ఒక గంట అటూ ఇటూ అయితే కొంప మునగదు. వనపర్తికి పొద్దున ఆరున్నరకే బయల్దేరాలన్నావు కదా, రెండు మూడు రోజుల ముందు నుంచే పూటపూటకూ పావుగంట చొప్పున ముందే వేస్తూ రా, ఆ రోజుకు సూది ఆరింటికి వచ్చేస్తుంది. సాయంత్రం ఏడున్నర, ఎనిమిదికి ఇల్లు చేరితే వేసెయ్యొచ్చు. మా డాక్టర్ నాకు పెట్టిన హద్దు రెండు గంటలు. అంతకు మించి ఆలస్యమైతే ఆ పూట వదిలేసి మర్నాడు పొద్దున మామూలుగా వేసేదాన్ని. మీ డాక్టర్ పెట్టే హద్దు ఎంతో అడుగు. తప్పిన డోసును పొద్దుటి దాంట్లో కలపడం మాత్రం ఎప్పుడూ చేయకు.

ఇప్పుడు సిరంజీ సంగతి. దీనికి కాస్త ఓపిగ్గా చదువు. నీ గ్లార్జిన్ రకం ఇన్సులిన్ బాటిల్ మీద 100 అని ఉందన్నావు. అంటే ఒక మిల్లీలీటరుకు వంద యూనిట్లు. మన మందుల షాపుల్లో 40 యూనిట్ల ఇన్సులిన్ కూడా బాగా అమ్ముతారు, దానికి వేరే సిరంజీ, ఎర్ర మూత ఉంటుంది. వందదానికి నారింజ రంగు మూత. నీ మందును ఎర్ర మూత సిరంజీలో ఒక గీత దాకా లాగితే చిట్టికి పోయేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. మనిషికి అది చిన్న తేడా కావచ్చు, నాలుగు కిలోల పిల్లికి కాదు. ఒకసారి ఒక షాపులో "ఇన్సులిన్ సిరంజీలన్నీ ఒకటేనమ్మా" అని నాకు ఎర్ర మూతవి ఇచ్చారు. ఇంటికొచ్చి మూత రంగు చూశాను కాబట్టి సరిపోయింది. పెళ్లి హడావుడిలో సిరంజీలు అయిపోతే ఎవరో ఒక పిల్లవాణ్ణి పరిగెత్తిస్తారు, షాపువాడు ఏది ఇస్తే అది తెస్తాడు. అందుకే నెలకు సరిపడా ఇప్పుడే నువ్వే వెళ్లి తెచ్చి పెట్టుకో.

పెళ్లింటి ఫ్రిజ్‌ను నమ్మకు. పాల ప్యాకెట్లు, పూలదండలు, కూల్‌డ్రింకులు కుక్కుతూ ఎవరో ఒకరు బాటిల్‌ను ఐసు పెట్టే అరలోకి తోస్తారు. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే మోసం. వాడుతున్న బాటిల్‌ను మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా ఉంచు. కొత్త బాటిల్ ఒకటి పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టు. తెరిచిన గ్లార్జిన్ 30 డిగ్రీలు దాటని చోట 28 రోజులు బయట ఉన్నా పనిచేస్తుంది కానీ వైశాఖంలో మన దగ్గర 42, 43 డిగ్రీల ఎండ, ఆ లెక్క మనకు కుదరదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, బాటిల్‌ను పొడి డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచు. నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి, ఇసుక ఆరనివ్వకూడదు. మేం ఒక ఎండాకాలమంతా ఇలాగే గడిపాం. గ్లార్జిన్ ఎప్పుడూ నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పారెయ్యి.

చిట్టికి మేడ మీది గది ఇప్పించు. అత్తగారితో మొహమాటపడకు, నేను కూడా మాట్లాడతాను. పెళ్లికి నాలుగు రోజుల ముందే అక్కడికి మార్చు, దాని పాత దుప్పటి, ట్రే, నీళ్ల గిన్నె అన్నీ అక్కడే పెట్టు. తాళం నీ కొంగుకే ఉండాలి. తలుపు తెరిచి ఉంటే అది అటక ఎక్కి దాక్కుంటుంది, సూది వేళకు దొరకదు. ఇంకో సంగతి, చుట్టాలకు పిల్లి కనిపిస్తే పాలన్నం పెడతారు, పాయసం పెడతారు, ప్రేమతోనే. అన్నం, పాలు, తీపి దాని షుగర్‌ను ఆకాశానికి ఎత్తుతాయి. మటన్ కూర అంతకన్నా చెడ్డది, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లికి విషం. దాని మామూలు ప్యాకెట్ తిండే ఆ వారం కూడా పెట్టు.

డీజే, పటాకుల మోతకు అది భయపడుతుంది. భయంతోనే పిల్లులకు షుగర్ పెరుగుతుంది, దవాఖానకు తీసుకెళ్లినా అంతే. బరాత్ రాత్రి చెవి అంచున రక్తం చుక్క తీసి చూస్తే మూడు వందలు దాటి కనిపించొచ్చు. దాన్ని చూసి డోసు పెంచకు. ఊరు సద్దుమణిగాక రెండు మూడు రోజులు వరసగా చూసి డాక్టర్‌కు చెప్పు. తక్కువ కనిపిస్తే మాత్రం ఆలోచించకు. 70 కంటే కిందికి వస్తే సూది ఆపి డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

నీకు తోడు ఒకరు ఉండాలి. మీ ఆడబిడ్డ కూతురు డిగ్రీ చదువుతోంది కదా, ఆ పిల్లకు నేర్పు. ఇద్దరు చాలు, మూడో చెయ్యి పడితే మళ్లీ మా బతుకమ్మ రాత్రే అవుతుంది. ముందు సిరంజీలో మంచినీళ్లు తీసుకుని బత్తాయి తొక్కలోకి గుచ్చడం నేర్పు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ తర్వాత నువ్వు పక్కన ఉండగా చిట్టికి వేయించు. చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ మడత మొదట్లో గుచ్చాలి, రోజూ ఒకే చోట కాదు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు.

మహబూబ్‌నగర్‌లో రాత్రిపూట పిల్లిని చూసే డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కో. ఎవరూ లేకపోతే హైదరాబాద్ దాకా దాదాపు 100 కిలోమీటర్లు పోవాలి, అందుకని ఆ వారం అల్లుడి కారులో పెట్రోలు ఎప్పుడూ ఉండాలని చెప్పు. తేనె సీసా చిట్టి గదిలోనే పెట్టు, వంటింట్లో పెడితే ఆ రోజుల్లో దొరకదు.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. కుండలు రెండూ నేనే తెస్తాను, మన తోట బత్తాయిలు కూడా ఒక సంచి తెస్తాను. సాయంత్రం ఏడింటి సూది ఆ పిల్ల చేతే వేయిద్దాం, నేను పక్కనే కూర్చుంటాను.

మీ పెద్దమ్మ