క్రైమ్ థ్రిల్లర్లు, వేగం, మా అక్క దాచిన ఎనిమిది ఆకులు

ఇంటర్ చదివే మీ అబ్బాయి ఇంగ్లీషులో వచ్చే యంగ్ అడల్ట్ (అంటే పదిహేను, పదహారేళ్ల ఈడు వాళ్ల కోసం రాసే) క్రైమ్ థ్రిల్లర్లను ఒకదాని వెనక ఒకటి రాత్రికి రాత్రే ముగిస్తున్నాడనీ, పరుగు తప్ప వాటిలో ఏముందో మీకు అంతుపట్టడం లేదనీ రాశారు. పరుగు ఉన్న మాట నిజమే గానీ, పిల్లలు వాటిని పట్టుకుని వదలకపోవడానికి అసలు కారణం అది కాదని నా గట్టి నమ్మకం. ఈ నమ్మకం నాకు 1984 వేసవిలో, కావలిలో, ఒక అద్దె నవల చివరి ఎనిమిది ఆకులు మాయమైనప్పుడు కుదిరింది. కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మీ ప్రశ్నకు వస్తాను.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక అద్దె పుస్తకాల బంకు ఉండేది. డిపాజిట్టు ఐదు రూపాయలు, రోజుకు అద్దె పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, ఇంకా అట్ట ఊడిపోయి రచయిత ఎవరో తెలియని పాకెట్ నవలలు అక్కడ వరసగా ఉండేవి. బంకాయన ప్రతి పుస్తకాన్నీ దబ్బనంతో కుట్టి, మొదటి పేజీ మీదా చివరి పేజీ మీదా తన ముద్ర వేసి, ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి ఆ రెండు ముద్రలూ చూసుకునేవాడు. చివరి పేజీ ముందుగా చూడకూడదన్నది నా వ్రతం కనుక ఆ రెండో ముద్ర వైపు నేను కన్నెత్తి చూసేవాణ్ని కాదు.

ఆ రోజు తెచ్చింది ఒక జమీందారు హత్య కథ. రాత్రి నూట అరవై పేజీల దాకా చదివి, కరెంటు పోయినందువల్ల దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లవారి లేచి తెరిస్తే నూట అరవయ్యో పేజీ తర్వాత వెనక అట్టే ఉంది. ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, సరిగ్గా హంతకుడి పేరు చెప్పబోయే చోట లేకుండా పోయాయి. వడగాలిలో బంకు దగ్గరికి పరుగెత్తితే ఆయన లెక్కల పుస్తకం మూసి, "ముద్ర చూసే ఇచ్చినా అబ్బయా, మీ ఇంట్లోనే యాడో పడుంటాయి చూడు, లేకపోతే డిపాజిట్టు మర్చిపో" అన్నాడు.

అప్పటిదాకా డిటెక్టివులను చదివినవాణ్నే తప్ప ఒక్క ఆధారాన్నీ చేత్తో ముట్టుకున్నవాణ్ని కాను. ఇంటికి వచ్చి పుస్తకాన్ని వెలుగులో పెట్టి చూశాను. చించిన ఆకుకు అంచు గరుకుగా ఉండాలి, ఇక్కడ కుట్టుకు వెంట్రుకవాసి దూరంలో తిన్నగా కోసి ఉంది. లాంతరు గ్లాసు తుడవడానికి అమ్మ కాగితం చించితే ఇంత తిన్నగా రాదు. తాతకు చుట్ట ముట్టించుకోవడానికి ఒక్క ఆకు చాలు, ఎనిమిది ఎందుకు? నూట అరవయ్యో పేజీ మూలలో మాత్రం వేలి ముద్ర అంత నీలం మరక కనిపించింది. అది టైలరు సుద్ద. మా ఇంట్లో కుట్టుమిషను మా అక్కది. ఇంటర్ అయ్యాక ఆమెను డిగ్రీకి పంపకుండా మిషను కొనిచ్చారు, వీధిలో వాళ్లందరికీ జాకెట్లు కుడుతుండేది. జాకెట్ల కొలతలకు కత్తిరించిన ఖాకీ కాగితాలు మిషను పైన మేకుకు గుచ్చి ఉండేవి. వాటి మధ్యలో, చంక పీలిక కాగితానికీ వీపు కాగితానికీ నడుమ, నా ఎనిమిది ఆకులు ఉన్నాయి.

నేను అరిచే లోపే ఆమె మిషను ఆపకుండా, "ఎవురు చంపినారో నేను చెప్తాలే. వారానికి రెండు పుస్తకాలు తెచ్చి నాకియ్యాల" అంది. బంకు ముందర ఆడపిల్లలు నిలబడే రోజులు కావవి. నేను ఒప్పుకున్నాను. గుమాస్తా చంపాడని, ఎందుకు చంపాడో ఎలా చంపాడో అరగంటసేపు చెప్పింది. ఆ తర్వాత మైదా జిగురుతో ఆకులు అతికిస్తూ చదివితే హంతకుడు గుమాస్తా కాదు, జమీందారు తమ్ముడు. మోసం చేశావని అడిగితే ఆమె చెప్పిన జవాబు నలభై ఏళ్లు దాటినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ గుమాస్తా బీరువా తాళంచెవి పోయిందని మొదట్లో చెప్తాడు గదా, నలభై రెండో పేజీలో దాంతోనే బీరువా తీస్తాడు. రాసినాయన మర్చిపోయినాడు, నేను మర్చిపోలేదు." పేజీ తిప్పి చూశాను. ఆమె చెప్పినట్టే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మా కాలపు డిటెక్టివ్ నవలల్లో పరిశోధన చేసేది పెద్దవాళ్లే. యుగంధర్ దగ్గర కుర్రవాడికి దొరికింది అసిస్టెంటు రాజు స్థానమే. మాలాంటి వాళ్లం ఆ రాజు వెనక నిలబడి తొంగి చూసేవాళ్లం. మీ అబ్బాయి చదివే పుస్తకాల్లో ఆ కుర్రవాడే, చాలాసార్లు కుర్రదే, ముందు నిలబడుతుంది. 2019లో వచ్చిన బ్రిటిష్ రచయిత్రి హాలీ జాక్సన్ తొలి నవలను తీసుకోండి. పోలీసులు ఐదేళ్ల కిందట మూసేసిన కేసును పదిహేడేళ్ల అమ్మాయి బడి ప్రాజెక్టు పేరుతో మళ్లీ తెరుస్తుంది. ఊరంతా ఒప్పుకున్న కథను ఒక చదువుకునే పిల్ల ఒప్పుకోకపోవడమే ఆ పుస్తకానికి ప్రాణం. పెద్దవాళ్లు అబద్ధాలు చెబుతారని పదహారేళ్లు వచ్చేసరికి ప్రతి పిల్లవాడికీ తెలుసు, అయితే మన ఇళ్లలో ఆ మాట పైకి అంటే ఎదురు చెప్పినట్టు అవుతుంది. ఆ పుస్తకాల్లో మాత్రం పిల్లలు ప్రశ్న అడుగుతారు, పెద్దవాళ్లు తడబడతారు, ఆ తడబాటు సాక్ష్యంగా నమోదవుతుంది.

ఇక వేగం సంగతి. మూడు నాలుగు పేజీలకొక అధ్యాయం, ప్రతి అధ్యాయం చివర ఒక కొత్త అనుమానం, మధ్యలో ఫోను మెసేజీలు, ఇంటర్వ్యూ రాతప్రతులు, డైరీ పేజీలు. వారపత్రికల సీరియళ్ల వాళ్లు కూడా సరిగ్గా అలాంటి చోటే సశేషం అని ఆపేవారు గానీ, మధ్యలో వారం రోజులు ఉండేవి, ఆ వారమంతా వీధిలో వాదించుకునేవాళ్లం. ఇప్పుడు ఆ వారం లేదు, వేలు పేజీ తిప్పితే చాలు. అయినా ఆ మెసేజీలూ రాతప్రతులూ పెట్టడంలో అసలు గుట్టు తొందరపెట్టడం కాదని నేను అంటాను. పరిశోధించే పిల్లకు దొరికిన కాగితమే పాఠకుడి చేతికీ అదే సమయంలో వస్తుంది, మా అక్క లాంటి పాఠకురాలికి కావలసింది అదే. మొదటిసారి పరుగెత్తి చదివి, రెండోసారి వెనక్కి వెళ్లి ఎక్కడ మోసపోయామో వెదికే పిల్లవాడికి ఆ పుస్తకం వల్ల నష్టమేమీ జరగదు. మీవాడు వెనక్కి వెళుతున్నాడో లేదో ఒకసారి గమనించండి. హత్యలూ నెత్తురూ గురించి మీ భయం నాకు అర్థమవుతుంది గానీ, టీవీలో రాత్రి వార్తల కంటే అవి మర్యాదగానే ఉంటాయి.

నా కష్టం వేరే ఉంది. 1947లో మొదలై ఇప్పుడు ఆగిపోయిన చందమామ లాంటివి దాటాక మన తెలుగులో పిల్లవాడు ఒక్క అంగలో పెద్దవాళ్ల నవలల్లోకి దూకాల్సిందే. పదిహేను, పదహారేళ్ల వాళ్ల కోసమని ఒక అర ఏ తెలుగు పుస్తకాల దుకాణంలోనూ నాకు కనబడలేదు. అమెరికాలో మిస్టరీ రచయితల సంఘం వాళ్లు ఎడ్గార్ బహుమతుల్లో ఈ వయసు పాఠకుల నవలలకు 1989 నుంచే ఒక విభాగం పెట్టారు. మన దగ్గర ఏం జరుగుతోందంటే, మా బంధువుల అబ్బాయి ఉండే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వార్డెను ట్రంకు పెట్టెల అడుగున పరిచిన పేపరు కూడా ఎత్తి చూసి నవలలు పట్టుకుపోయాడు. ఆధారాల కోసం అంత ఓపికగా వెదికే మనిషి వాటిలో ఒక్కటైనా చదివి ఉంటే నాకు సంతోషంగా ఉండేది.

మా అక్క ఇప్పుడు నెల్లూరులో, మాగుంట లేఔట్‌లో కూతురి దగ్గర ఉంటుంది. పోయిన సంక్రాంతికి వెళితే పదో తరగతి మనవరాలు ఒక ఇంగ్లీషు థ్రిల్లరును రోజూ రాత్రి అన్నాలయ్యాక తెలుగులో చెబుతోంది, అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. మూడో రాత్రే హంతకుడి పేరు చెప్పేసింది. ఐదో రాత్రి చివరి అధ్యాయం చదివి ఆ పిల్ల చప్పట్లు కొట్టి, "తప్పు అమ్మమ్మా, వాడు కాదు" అంది. అక్క ఈనెలు తీయడం ఆపలేదు. "అయితే వాన పడతా ఉంటే ఆ పిల్లోడు పొడి చెప్పులతో ఇంట్లోకి ఎట్ట వచ్చినాడే?" అని అడిగింది. పిల్ల నవ్వు ఆపి పుస్తకం మొదటి నుంచి తిరగేయడం మొదలుపెట్టింది. పదకొండు దాటాక నా పక్కకు వచ్చి కూర్చుని, "తాతా, దీనికి ఇందులో జవాబు లేదు" అంది.