ఇన్సూరెన్స్ లేకపోతే ఎమర్జెన్సీ ఆపరేషన్ చేస్తారా?

అమెరికాలో ఉన్న పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి గత నెల ఉద్యోగం పోయింది, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. మొన్న కుడివైపు పొట్టనొప్పి వస్తే బిల్లుకు భయపడి రెండు రోజులు మాత్రలతో నెట్టుకొచ్చాడు. తగ్గిందంటున్నాడు. ఆపరేషన్ అవసరమై ఉంటే హాస్పిటల్లో చేర్చుకునేవారా?

జవాబు: చేర్చుకుని తీరాలి. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్ (పెద్దవయసువారికి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) తీసుకునే హాస్పిటల్‌కు ఎమర్జెన్సీ విభాగం ఉంటే, అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలి. ఇన్సూరెన్స్ కార్డు అడగొచ్చు, కానీ దానికోసం పరీక్షగానీ చికిత్సగానీ ఆగకూడదు. ఎమర్జెన్సీ అని తేలితే పరిస్థితి నిలకడకు వచ్చేదాకా వైద్యం చెయ్యాలి, అందుకు ఆపరేషన్ కావాలంటే అదీ చెయ్యాలి. తమ దగ్గర సర్జన్ లేకపోతే వేరే హాస్పిటల్‌కు పంపొచ్చు. అయితే అక్కడివాళ్లు ముందే ఒప్పుకోవాలి, రిపోర్టులు వెంట వెళ్లాలి, దారిలో చూసుకునే సిబ్బంది ఉండాలి. బెడ్డూ సర్జనూ ఉన్న ట్రామా సెంటర్ (తీవ్ర గాయాలకు వైద్యం చేసే హాస్పిటల్) ఇన్సూరెన్స్ లేదన్న సాకుతో ఆ పేషెంటును కాదనకూడదు.

ఇన్సూరెన్స్ లేనివారికి పెద్ద నష్టం హాస్పిటల్‌కు చేరకముందే జరుగుతుంది. మీ తమ్ముడికి వచ్చినలాంటి నొప్పికి అపెండిక్స్ కారణం కావచ్చు. అది వాచిన తొలి గంటల్లో వెళితే లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా) తీసేసి చాలామందిని మర్నాటికి ఇంటికి పంపేస్తారు. పగిలాక వెళితే పొట్టలో చీము చేరుతుంది, ట్యూబు వేసి తియ్యాల్సి రావచ్చు, రోజుల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి. బిల్లుకు జడిసి ఆగినందుకు ఆ బిల్లే ఎన్నో రెట్లవుతుంది. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగినా, దానితో జ్వరమో వాంతులో ఉన్నా నేరుగా హాస్పిటల్ ఎమర్జెన్సీకే వెళ్లాలి. అర్జెంట్ కేర్ క్లినిక్‌లో సాధారణంగా సర్జన్ ఉండడు, విడిగా నడిచే అలాంటి క్లినిక్‌కు ఈ చట్టమూ వర్తించదు. ఇంకొకటి, అపెండిక్స్ పగిలినప్పుడు కూడా నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపిస్తుంది. కాబట్టి తగ్గిందన్న మాటతో సరిపెట్టుకోకుండా అతన్ని ఈరోజే డాక్టరుకు చూపించండి.

పాత కంపెనీలో 20 మంది అంతకుమించి ఉద్యోగులుంటే మీ తమ్ముడికి కోబ్రా దారి ఉంది, అంటే ఆ కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకోవచ్చు. ఎంచుకోవడానికి 60 రోజులు, ఆ తర్వాత మొదటి ప్రీమియం కట్టడానికి 45 రోజుల గడువిస్తారు. కడితే కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, అంటే ఈలోపు ఆపరేషన్ జరిగినా ఆ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి ఖరీదెక్కువే. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కునే ప్లాన్ ఇలా వెనక్కి వర్తించదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్‌ను టెక్సాస్ విస్తరించలేదు, కనుక పిల్లలు లేని, వైకల్యం లేని నడివయసువారికి ఆదాయం సున్నా అయినా అక్కడ అది దొరకదు.

ప్రశ్న: అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద న్యూజెర్సీ వస్తున్నారు. యాక్సిడెంట్ లాంటిది జరిగితే వాళ్లనూ చూస్తారా?

జవాబు: చూస్తారు, ఎమ్‌టాలా పౌరసత్వం అడగదు. అంబులెన్స్ సిబ్బంది కూడా గాయం తీరును బట్టే ట్రామా సెంటర్‌ను ఎంచుకుంటారు. బిల్లు మాత్రం వస్తుంది. అందుకని పాలసీ కొనేటప్పుడే చూసుకోండి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు రోజుకింత, సర్జరీకింత అని ముందే రాసిన మొత్తమే ఇస్తాయి, పెద్ద ఆపరేషన్‌కు అది ఏ మూలకూ చాలదు. కాంప్రహెన్సివ్ పాలసీ డిడక్టిబుల్ (ముందుగా మనం కట్టుకునే మొత్తం) పోను బిల్లులో శాతం చొప్పున గరిష్ఠ పరిమితిదాకా చెల్లిస్తుంది, అదే తీసుకోండి. కారు ప్రమాదమైతే కారు పాలసీలో వైద్య ఖర్చుల కవరేజీ ఎంతుందో కూడా కనుక్కోండి.

ప్రశ్న: నాకు ఇన్సూరెన్స్ ఉంది. ఎమర్జెన్సీలో వేరే నెట్‌వర్క్ సర్జన్ ఆపరేషన్ చేస్తే బిల్లంతా నా మీద పడుతుందా?

జవాబు: పడకూడదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీ వైద్యానికి మీరు ఇన్-నెట్‌వర్క్ వాటా (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న డాక్టరుకైతే కట్టే వాటా) కడితే చాలు, ముందస్తు అనుమతీ అక్కర్లేదు. హెలికాప్టర్ అంబులెన్స్‌కూ ఇదే రక్షణ ఉంది కానీ రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌కు లేదు. నిలకడ పడ్డాక ఈ రక్షణ వదులుకుంటున్నట్టు సంతకం అడగవచ్చు. చదవకుండా పెట్టకండి.

ఇన్సూరెన్స్ లేనివారు కూడా బిల్లు చూసి వెంటనే క్రెడిట్ కార్డు తియ్యొద్దు. లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి, డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు నుంచి 240 రోజులదాకా దరఖాస్తు తీసుకోవాలి. మొదటి 120 రోజుల్లో కోర్టుకు లాగడం, క్రెడిట్ రిపోర్టులో ఎక్కించడం లాంటివి చెయ్యకూడదు. నిలకడ పడ్డాక కావలసిన ఫిజియోథెరపీ, ఎముకల్లో వేసిన రాడ్లు తీసే ఆపరేషన్ ఎమ్‌టాలా కిందికి రావు. అవి ఎక్కడ, ఎంతకు జరుగుతాయో డిశ్చార్జికి ముందే హాస్పిటల్ సోషల్ వర్కర్‌ను పిలిపించి తేల్చుకోండి.