సాఫ్ట్‌బాల్‌లో మొదటి బేస్ రెండు రంగుల్లో ఎందుకు ఉంటుంది?

పరుగెత్తుకొచ్చే బ్యాటర్, బంతి అందుకునే ఫీల్డర్ ఢీకొనకుండా మొదటి బేస్ (బంతి కొట్టాక పరుగెత్తి ముందుగా తొక్కాల్సిన మెత్త) దగ్గర తెలుపు, నారింజ రంగుల జంట బేస్ పెడతారు. ఆట హద్దు గీత లోపలి తెల్ల సగం ఫీల్డర్‌ది, గీత బయట, అంటే ఫౌల్ వైపున్న నారింజ సగం బ్యాటర్‌ది. త్రో మీదే కళ్లు పెట్టిన ఫీల్డర్‌కి పక్కనుంచి దూసుకొచ్చే మనిషి కనిపించదు. ఫీల్డర్ మడమ మీద బ్యాటర్ కాలు పడితే చీలమండ మెలిపడొచ్చు. సరదాగా ఆడే మహిళల లీగుల్లో కూడా ఇది ఉంటే మంచిది.

ఉదాహరణకు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వైపు కొట్టి పరుగెత్తితే, త్రో మొదటి బేస్‌కే వస్తుంది కాబట్టి నారింజ సగమే తొక్కాలి.

ఎప్పుడూ నారింజదే తొక్కాలనుకోవడం మాత్రం పొరపాటు. బంతి అవుట్‌ఫీల్డ్‌కి పోయి, మొదటి బేస్‌కి త్రో రానప్పుడు తెల్లది తొక్కి రెండో బేస్‌కి మళ్లొచ్చు. బేస్ చేరాక నిలబడాల్సిందీ తెల్లదాని మీదే.