పాలు తాగుతూ కొరికే పిల్లాడితో నేను పడ్డ పాట్లు

ఏడో నెల బాబు, కింద రెండు పళ్లొచ్చాయి, కొరికితే చనుమొన చిట్లి రక్తం వచ్చింది, ఇంట్లో అందరూ డబ్బా పాలకి మార్చేయమంటున్నారు, మార్చేయాలా అని ఒక తల్లి అడిగారు. నేను మార్చలేదు. మావాడు కూడా ఏడో నెలలోనే మొదలుపెట్టాడు. దాదాపు మూడు వారాలు నరకం చూపించి కొరకడం మానేశాడు. ఆ తర్వాత ఏడాదిన్నర దాటేదాకా హాయిగా తాగాడు.

మాది విజయనగరం. వాడు మొదటిసారి గట్టిగా కొరికింది తొలేళ్ల నాడు, అంటే మా పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి ముందురోజు. ఇంటినిండా చుట్టాలు. నేను వాణ్ణి ఒళ్లో వేసుకుని, వంటింట్లో వాళ్లకి గారెల పప్పు గురించి కేకేసి చెప్తున్నాను. వాడి కడుపు ఎప్పుడో నిండింది, ఊరికే నోట్లో పెట్టుకుని ఆడుకుంటున్నాడు. కటుక్కున కొరికాడు. నేను కెవ్వుమని అరిచి ఒక్క లాగు లాగేశాను. రెండూ తప్పే. పళ్ల మధ్య నుంచి లాగేసరికి చర్మం చీరుకుపోయింది. అరుపుకి వాడు జడుసుకుని ఆ రాత్రీ, మర్నాడంతా రొమ్ము దగ్గరికి తీసుకుంటే చాలు ఏడుపే. ఊరంతా సిరిమాను చూడ్డానికి కోట దగ్గరికి వెళ్తే నేను గదిలో కూర్చుని గిన్నెలోకి పాలు పిండుకున్నాను.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తే రెండు నిమిషాల్లో ‘మాన్పించేయండి’ అని డబ్బా పేరు రాసిచ్చారు. అసలు సంగతి చెప్పింది మా అంగన్‌వాడీకి వచ్చే ఏఎన్ఎం నర్సమ్మ. బిడ్డ నిజంగా పాలు లాగుతున్నంతసేపు నాలుక, కింది పళ్ల చిగురు మీద పరుచుకుని ఉంటుందట. నాలుక అడ్డం ఉండగా కింది పళ్లతో కొరకలేడు. కొరికాడంటే తాగడం ఆపేశాడనే అర్థం.

ఆ మాట విన్నాక నేను ఫోను పక్కన పెట్టి వాడి దవడ చూడడం మొదలుపెట్టాను. తాగేటప్పుడు గుటక చప్పుడు వినిపిస్తుంది, చెవి దగ్గర దవడ కదులుతూ ఉంటుంది. కడుపు నిండాక గుటకలు ఆగుతాయి, కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి, దవడ బిగుస్తుంది. మావాడైతే ముందు ఒక దొంగనవ్వు నవ్వేవాడు! సరిగ్గా అప్పుడే చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకి పోనిచ్చి పట్టు విడిపించాలి. ఇంకా కావాలంటే వాడే అడుగుతాడు.

వేలు పెట్టేలోపే కొరికేస్తే? మా అమ్మది నరసన్నపేట వైపు. నా కేకలు విని, “ఏటే, అలా లాగీకు. దగ్గరికి అదుముకో, ఆడే నోరు తెరుస్తాడు” అంది. దూరం లాగాలనిపించే చోట దగ్గరికి తీసుకోవడమేంటి అనుకున్నాను గానీ, పనిచేసింది. ముక్కు రొమ్ముకి ఆనగానే ఊపిరి కోసం నోరు తెరుస్తాడు. ఒక్క క్షణం చాలు, అదిమి పట్టి ఉంచకూడదు. మా అత్తగారు బుగ్గ మీద చిన్న దెబ్బ వేయమన్నారు. వేయలేదు. మెల్లగా ‘వద్దు నాన్నా’ అని కాసేపు కింద కూర్చోబెట్టేదాన్ని.

మీవాడు తాగడం మొదట్లోనే కొరుకుతుంటే అది చిగుళ్ల దురద. సొంగ కూడా కారుతుంటుంది. శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి, పాలకి ముందు పక్కనే కూర్చుని నమిలించండి. పచ్చి క్యారెట్ ముక్క మాత్రం ఇవ్వకండి, విరిగి గొంతుకి అడ్డం పడుతుంది. మందుల షాపులో దొరికే చిగుళ్ల జెల్ కూడా డాక్టర్ని అడగకుండా రాయొద్దు. బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్నవి రెండేళ్లలోపు పిల్లలకి వాడకూడదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయినా పట్టు సరిగ్గా ఉండక కొరుకుతారు.

పుండు మానేదాకా నొప్పి లేని వైపు ముందు పట్టండి. తాగాక రెండు చుక్కల పాలు పుండు మీద రాసి గాలికి ఆరనివ్వండి. లానోలిన్ క్రీము రాసినా ఉపశమనంగా ఉంటుంది. కొంచెం రక్తం పాలతో కలిసి లోపలికి పోయినా బిడ్డకేమీ కాదు. ఆ వైపు అసలు పట్టలేకపోతే చేత్తో పిండేయండి, పాలు గడ్డకట్టనివ్వకండి. రొమ్ము ఎర్రగా, గట్టిగా, వేడిగా అయ్యి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ ఇన్ఫెక్షన్‌కి మందులు వాడుతూ కూడా మామూలుగా పాలివ్వొచ్చు.

ఇంట్లో వాళ్లతో ఎలా అంటారా? ఆరు నెలలు నిండాయి కాబట్టి చోడి (రాగి) జావ, మెత్తటి పప్పన్నం ఎలాగూ పెడుతుంటారు. దాంతోపాటు రెండేళ్లు, ఆ పైనా తల్లిపాలు ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మా అత్తగారికి అదే చెప్పాను. ఒప్పుకోలేదు గానీ, డబ్బా మాట మళ్లీ ఎత్తలేదు.

పై పళ్లు వచ్చేటప్పుడు మావాడు మళ్లీ రెండు మూడు రోజులు మొదలెట్టాడు, మీవాడూ మొదలెట్టొచ్చు. ఆ చిటికెన వేలి గోరు మాత్రం కత్తిరించి ఉంచుకోండి.