అన్నవాహిక క్యాన్సర్‌కు కాంతి చికిత్స పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి అన్నవాహికలో క్యాన్సర్. ముద్ద దిగడం లేదు. కాంతితో చేసే చికిత్స గురించి విన్నాం. దాంతో నయమవుతుందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు విన్నది ఫొటోడైనమిక్ థెరపీ. గడ్డ దారిని మూసేసిన దశలో దీంతో మింగడం తేలికవుతుందేగానీ జబ్బు నయం కాదమ్మా. కాంతి లోపలికి సెంటీమీటరుకు మించి పోదు. కాలేయానికో, లింఫ్ గ్రంథులకో పాకిన క్యాన్సర్‌ను అది తాకలేదు.

కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పోర్ఫిమర్ సోడియం అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. 40–50 గంటలయ్యాక ఎండోస్కోప్ ద్వారా సన్నని ఫైబర్ పంపి, 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ కాంతిని గడ్డపై పడేలా చేస్తారు. మందు ఆ కాంతిని పీల్చుకుని, అక్కడి ఆక్సిజన్‌తో కణాలను చంపుతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ ఎండోస్కోపీ చేసి చచ్చిన కణజాలాన్ని తీసేస్తారు. ఛాతీ నొప్పి రావచ్చు, తర్వాత దారి సన్నబడనూ వచ్చు.

ఎక్కువమంది పొరపడేది ఇంటికొచ్చాకే. కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. సన్‌స్క్రీన్‌ను నమ్ముకోవద్దు. అది ఆపేది అతినీలలోహిత కిరణాలను, ఈ మందు మామూలు వెలుగుకే స్పందిస్తుంది. నిండుచేతుల చొక్కా, టోపీ, నల్లకళ్లద్దాలు తప్పవు. అలాగని చీకటి గదిలో ఉంచొద్దు, ఇంట్లోని మామూలు వెలుగే చర్మంలోని మందును మెల్లగా తగ్గిస్తుంది.

గడ్డ శ్వాసనాళంలోకి రంధ్రం చేసిందా, పెద్ద రక్తనాళాన్ని తొలిచిందా అని డాక్టరుగారిని ముందే అడగండి. అలా ఉంటే ఈ చికిత్స చేయకూడదు. పోర్ఫిరియా (పోర్ఫిరిన్లనే పదార్థాలు ఒంట్లో పేరుకుపోయే జబ్బు) ఉన్నవారికీ అంతే. స్టెంట్ (అన్నవాహికను తెరిచి ఉంచే గొట్టం) సరిపోతుందేమో కూడా అడగండి, నెలరోజుల ఎండ బాధ ఉండదు.