ఊరి నీళ్ల కోసం సంఘం కదలవచ్చా?

ప్రశ్న: మాది కనిగిరి ప్రాంతంలో ఒక ఊరు. మా క్రైస్తవ సంఘంలో దాదాపు 120 కుటుంబాలు ఉన్నాయి. ఊళ్లోని మంచినీటి ప్లాంటు ఏడాదిగా మూతపడి, తలుపుకు వేసిన తాళం కూడా తుప్పు పట్టింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిసినా, క్యాన్లు కొనుక్కోలేనివారు ఆ నీళ్లే తాగుతున్నారు. స్త్రీల సమాజం తరఫున ఏదైనా చేద్దామంటే, సంఘం ఉన్నది ప్రార్థనకే గాని రాజకీయాలకు కాదని పెద్దలు అంటున్నారు. పాస్టరుగారు అవుననరు, కాదనరు. మేము ఎలా ముందుకు వెళ్లాలి?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, ముందుగా మీ పెద్దల భయాన్ని తేలికగా తీసుకోకండి. పార్టీల గొడవ చర్చిలోకి వచ్చి, ఒకే ప్రభు భోజనపు బల్లలో పాలుపొందినవారు పలకరించుకోవడం మానేసిన సంఘాలు నాకు తెలుసు. అయితే తాగునీరు పార్టీ విషయం కాదు. వచ్చే కూడికలో బైబిల్లోని నెహెమ్యా గ్రంథం రెండు, మూడు అధ్యాయాలు చదవమని పెద్దలను అడగండి. నెహెమ్యా యెరూషలేము చేరాక ఎవరికీ ఏమీ చెప్పకుండా, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి పడిపోయిన గోడలను కళ్లారా చూశాడు. ఆ తర్వాతే జనాన్ని పిలిచాడు. మూడో అధ్యాయంలో చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్నే బాగుచేసుకున్నారు. షల్లూము కుమార్తెలు కూడా ఆ పనిలో ఉన్నారని అక్కడే రాసి ఉంది. స్త్రీల సమాజానికి అంతకంటే ఆధారం ఏం కావాలి?

మీరు కూడా చూడటంతోనే మొదలుపెట్టండి. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని, వీధికి ఇద్దరు చొప్పున, మీ వీధులే కాకుండా ఊరంతా తిరగండి. ఇంటి నంబరు, ఇంట్లో ఎందరున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు, క్యాన్లకు నెలకు ఎంత అవుతోంది, పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయా అన్నవి రాసుకుంటే చాలు. ఇంటివారి మతం, కులం, పార్టీ అడగవద్దు. మీ ఊళ్లో క్యాను పది రూపాయలనుకుంటే, రోజుకొకటి కొనే ఇంటికి ఏడాదికి 3,650 రూపాయలు, అలాంటి ఇళ్లు వంద ఉంటే ఏడాదికి మూడున్నర లక్షల పైచిలుకు ఊరు కేవలం తాగునీటికి పెడుతున్నట్టు. గ్రామసభలో ఆ లెక్క చదివితే వినని సర్పంచి ఉండరు.

తర్వాత నీళ్లను పరీక్ష చేయించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనిచోట మాత్రమే ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి, కిట్టు అందించాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. మీ డ్వాక్రా సంఘంలోనే ఒకరిద్దరు ఉండవచ్చు. కిట్టుతో ఉజ్జాయింపుగానే తెలుస్తుంది కాబట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు కూడా నమూనా పంపి, ఫలితాన్ని కాగితం మీద తీసుకోండి.

ఆ కాగితం, నోటుబుక్కు చేతిలో ఉంటే దారి కష్టమేమీ కాదు. గ్రామసభలో అడగడం, తీర్మానం పుస్తకంలోకి ఎక్కిందాకా అక్కడినుంచి కదలకపోవడం మొదటిది. అక్కడ పని కాకపోతే, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. ప్లాంటు నిర్వహణ ఎవరి బాధ్యత, ఎంత డబ్బు మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నవి 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

అసలు జాగ్రత్త మరొకచోట కావాలి. మన ఊళ్లలో చర్చి చాలావరకు ఊరి చివర దళితవాడలో ఉంటుంది. అర్జీ సంఘం లెటర్‌హెడ్ మీద వెళితే, అది ఊరి నీళ్ల సమస్య కాకుండా వాడవాళ్ల సమస్య, చర్చివాళ్ల గోల అయిపోతుంది. పైగా క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదంటూ, చర్చికి వచ్చేవారి కుల ధ్రువపత్రాల మీద ఫిర్యాదులు, కోర్టు వ్యాజ్యాలు నడుస్తున్న రోజులివి. నీళ్ల అర్జీలో మతం ప్రస్తావన తెచ్చి ఎవరినీ ఆ చిక్కులోకి లాగవలసిన పని లేదు. ఊరివారిగా వెళ్లండి. గుడికి వెళ్లే ఇళ్లవారు, మసీదుకు వెళ్లే ఇళ్లవారు మీతో సమానంగా సంతకాలు చేసి, మీకంటే ముందు మాట్లాడినా సంతోషించండి. మీకు పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలి ఏళ్లలో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత కేంద్రంలో రోజూ కలుసుకునే అలవాటు వారికి బలమైంది. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వారం వారం కలిసే అలవాటు మీకు ముందే ఉంది. సంఘం ఊరికి ఇవ్వగలిగింది అదే.

ఇంకొక్క మాట, ఇది నా మనసుకు బాగా దగ్గరైనది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. ఎంతమంది అడిగినా, కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదన్నది ఆయన పట్టుదల. ప్లాంటు మళ్లీ నడిచిన రోజున మీరు కరపత్రాలు పంచకండి, మైకులో పాట పెట్టకండి. బిందెలు నిండనివ్వండి.

ప్రశ్న: గత ఎన్నికల ముందు మా సంఘంలో ఆరాధన మధ్య ఒక అభ్యర్థిని వేదిక మీదికి పిలిచి, మనవాడు, ఆశీర్వదించండి అన్నారు. ఇది సరైనదేనా?
– ఒక సంఘ సభ్యుడు, ఖమ్మం

జవాబు: సరైనది కాదు. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ప్రకారం గుడినైనా, మసీదునైనా, చర్చినైనా రాజకీయ ప్రచారానికి వాడనివ్వకూడదు. నిర్వాహకుల మీద కేసు పెట్టవచ్చు. మతం పేరిట ఓటు అడగడాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను అవినీతికర చర్యగా చెబుతోంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. చట్టం మాట అలా ఉంచినా, ఆ ఆదివారం వేరే పార్టీకి ఓటు వేసే విశ్వాసి అదే చాప మీద కూర్చుని ఉంటాడు కదా. ఆయనకు ఆ ఆరాధనలో చోటు లేకుండా చేసినట్టయింది. ఊరి సమస్యల మీద అభ్యర్థులను ప్రశ్నించాలనుకుంటే, అందరు అభ్యర్థులనూ చర్చి ఆవరణకు బయట, ఊరివారందరూ రాగలిగిన చోటికి పిలిచి, ఒకే ప్రశ్నల జాబితా అందరికీ ఇవ్వండి. ఆరాధన వేదిక మీద మాత్రం ఇకముందు ఎవరినీ పిలవబోమని సంఘ కమిటీ చేత తీర్మానం రాయించి, ఎన్నికల ప్రకటన రాకముందే సంఘంలో చదివించండి.